మ్యాప్‌లో కారు కనబడటం లేదా? ముందు చెవితో వినండి

బెంగళూరులో హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్స్ తెచ్చుకున్న మనవాళ్లు కారులో ఏపీఆర్ఎస్ ట్రాకర్ (కారు ఎక్కడుందో రేడియోలో పంపే పరికరం) పెట్టగానే ఫోన్‌లో మ్యాప్ తెరుస్తారు. చుక్క కనబడకపోతే టెన్షన్ మొదలు. కానీ ఈ దారిలో మ్యాప్ చిట్టచివరిది. జీపీఎస్ నుంచి స్థానం ట్రాకర్‌కు అందాలి, ట్రాకర్ దాన్ని శబ్దంగా మార్చాలి, రేడియో ప్రసారం చేయాలి, ఎవరో పెట్టిన ఐగేట్ అనే స్టేషన్ దాన్ని విని ఇంటర్నెట్‌కు ఎక్కించాలి. అందుకే ఇంకో హ్యాండ్‌సెట్‌ను 144.390 మెగాహెర్ట్జ్‌లో పెట్టి, కారు పక్కన నిలబడి వినండి. సగం చిక్కు అక్కడే వీడిపోతుంది.

శబ్దమే రావడం లేదు

ముందు జీపీఎస్ లైటు చూడండి. చాలా ట్రాకర్లు ఉపగ్రహాలు దొరికేదాకా ప్రసారం చేయవు. బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఎంతసేపు ఆగినా అవి దొరకవు, కారు బయటికి తీయండి. లోహపు పొర ఉన్న సన్‌ఫిల్మ్ కూడా అడ్డమే. లైటు సరిగ్గా ఉంటే పీటీటీ (రేడియోను ప్రసారంలోకి మార్చే స్విచ్) వైరు చూడండి.

"బర్ర్" వినబడుతోంది, మ్యాప్‌లో మాత్రం లేదు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ట్రాకర్ నుంచి మైక్‌కు వెళ్లే ఆడియో ఎక్కువైతే 1200, 2200 హెర్ట్జ్ స్వరాలు చెడిపోతాయి. చెవికి గట్టిగా వినిపిస్తుంది, ఆ శబ్దాన్ని మళ్లీ డేటాగా మార్చే డీకోడర్‌కు ఒక్క అక్షరమూ అర్థం కాదు. లెవెల్‌ను పూర్తిగా తగ్గించి, కొంచెం కొంచెంగా పెంచుతూ రండి. రెండో సెట్టు దగ్గర డీకోడ్ కావడం మొదలయ్యాక ఇంకాస్త పెంచి ఆపేయండి.

అప్పటికీ కుదరకపోతే టీఎక్స్ డిలే (పీటీటీ నొక్కాక డేటా పంపేముందు ఆగే సమయం) చూడండి. పీటీటీ నొక్కాక రేడియో పూర్తిగా లేవడానికి కొంత సమయం పడుతుంది. ఈలోపే డేటా మొదలైతే ప్యాకెట్ (ఒకసారి పంపే డేటా మూట) తల తెగిపోతుంది. 300 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి, వాక్స్ (శబ్దం రాగానే దానంతటదే ప్రసారం మొదలయ్యే పద్ధతి) వాడితే ఇంకా పెంచాలి. వినే సెట్టులో బ్యాటరీ సేవర్ ఆపేయడం మరవద్దు, అది కూడా ప్యాకెట్ మొదలును మింగేస్తుంది.

కారు కదులుతోంది, చుక్క కదలడం లేదు

నా కారుకే ఇలా అయింది. నేను హెబ్బాళ ఫ్లైఓవర్ దిగినా చుక్క కోగిలు క్రాస్ దగ్గరే ఉండేది. ట్రాకర్‌ను అనుమానించి రెండు వారాలు పోగొట్టుకున్నాను. అసలు కారణం 5 వాట్ల ప్రసారం జీపీఎస్ వైర్లలోకి చొరబడటం. ప్రసారమైన ప్రతిసారీ జీపీఎస్ తప్పిపోయేది. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ (ప్రసారాన్ని బయటికి వదలకుండా మింగేసే పరికరం) పెట్టి చూస్తే అంతా బాగుంది, దాంతో రుజువైంది. యాంటెన్నాను కారు టాప్ మీదికి మార్చి, జీపీఎస్‌ను డాష్‌బోర్డు ముందు అంచున పెట్టి, వైరుకు ఫెర్రైట్ (రేడియో చొరబాటును ఆపే ముక్క) తొడిగాను. మళ్లీ ఆ సమస్య రాలేదు.

కారు యలహంకలో, చుక్క కోలార్ దారిలో

సొంతంగా కోడ్ రాసినవాళ్లకు ఎదురయ్యే తప్పు ఇది. 77.59 డిగ్రీలంటే 77 డిగ్రీల 35.4 నిమిషాలు. ఏపీఆర్ఎస్‌కు నిమిషాలే కావాలి. దశాంశాన్ని అలాగే 77 డిగ్రీల 59 నిమిషాలుగా పంపితే చుక్క తూర్పుకు 43 కిలోమీటర్లు జరుగుతుంది. దశాంశ భాగాన్ని 60తో గుణించి పంపండి.

మలుపుల్లో గీత అడ్డంగా పోతోంది

60 కిలోమీటర్ల వేగంలో రెండు నిమిషాలకోసారి పంపితే మధ్యలో రెండు కిలోమీటర్లు గడిచిపోతాయి. ట్రాకర్‌లో స్మార్ట్ బీకనింగ్ అనే సెట్టింగ్ పెట్టండి, మలుపు తిరిగినప్పుడు తనంతట తానే పంపుతుంది. పది సెకన్లకోసారి మాత్రం పెట్టకండి. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ అందరిదీ.

ఊరు దాటగానే మాయం

మా బావ కూడా హ్యామే. హిందూపురం వెళ్తుంటే దొడ్డబళ్లాపూర్ దాటాక ఆయన చుక్క ఆగిపోయేది. పాత్‌ను (ప్యాకెట్‌ను మధ్యలో స్టేషన్లు ఎన్నిసార్లు తిప్పి పంపాలో చెప్పే సెట్టింగ్) వైడ్5-5 చేద్దామన్నాడు. "బావా, వినేవాళ్లే లేనప్పుడు ఎన్నిసార్లు తిప్పి పంపమంటే ఏం లాభం?" అన్నాను. వైడ్1-1, వైడ్2-1 చాలు. హిందూపురంలో వాళ్ల డాబా మీద యాంటెన్నా నిలబెట్టి, చిన్న కంప్యూటర్‌తో వినే ఐగేట్ పెట్టాం. ఇప్పుడు గౌరిబిదనూరు దాటగానే బావ చుక్క మళ్లీ కనబడుతోంది, అక్క అన్నం వండటం మొదలుపెడుతోంది.