అమెరికా వెళ్ళే ముందు పిల్లలకి చిల్లర నేర్పండి

మొన్న భోగికి అంబాజీపేటలో మా ఇంట్లో చంటిదానికి భోగిపళ్ళు పోశాం. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిరేకులతోపాటు నా సంచి అడుగున పడున్న అమెరికా చిల్లర కూడా కలిపాను. వచ్చే నెల అక్కడికి వెళ్తున్న మా తమ్ముడి కొడుకు, ఏడేళ్ళవాడు, పీటకింద దూరి మరీ ఏరుకున్నాడు. అయిదు సెంట్ల నికెల్స్ జేబులో వేసుకుని, పది సెంట్ల డైములు నా చేతిలో పెట్టేశాడు. "ఈ చిన్నవి నువ్వుంచుకో పెదనాన్నా!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఎనిమిదేళ్ళ కిందటి డిసెంబరు గుర్తొచ్చింది. అప్పటికి మేం వెళ్ళి రెండు నెలలు. రెండో తరగతిలో మా పాపకి క్రిస్మస్ చెట్టు బొమ్మ ఇచ్చారు, కొమ్మకో నాణెం. మొత్తం ఎంతో కూడాలి. పన్నెండో ఎక్కం గడగడా చెప్పే పిల్ల, ఏడు బిళ్ళలున్నాయని 7 వేసి వచ్చింది. ఆ వారమే బడిలో పిల్లలు అమ్మానాన్నలకి కానుకలు కొనుక్కునే చిన్న అంగడి పెట్టారు. గుప్పెడు చిల్లరతో వెళ్ళి, వెనకాల వరస పెరుగుతుంటే కంగారుపడి, ఉత్తచేతుల్తో వచ్చేసింది. నేను కేకలేశాను. ఆ రోజుల్లో నేనేం చేసేవాణ్ణో తెలుసాండీ? కొట్లో అరచెయ్యి చాపేవాణ్ణి, కావలసినవి వాళ్ళే ఏరుకునేవారు.

బ్యాంకు ఖాతా, ఇల్లు, కారు సంగతి మీకు అందరూ చెప్తారు. ఇది ఎవరూ చెప్పరు: అక్కడి సెంట్ల బిళ్ళలమీద విలువ అంకెల్లో ఉండదు. నికెల్ మీద అయిదు సెంట్లని అక్షరాల్లో ఉంటుంది. డైము మీద ఒక డైము అని ఉంటుంది, అంతే. పదన్న మాటే కనపడదు. పైగా అన్నిటికంటే చిన్నది, ఒక సెంటు పెన్నీ కంటే కూడా. అది వెండిబిళ్ళగా ఉన్ననాటి కొలత. 1965 చట్టంతో వెండి పోయింది, కొలత ఉండిపోయింది. 1866లో వచ్చిన నికెల్ చవక లోహం కాబట్టి పెద్దగా పోశారు. 2025 నవంబరులో వాడుక పెన్నీల ముద్రణ ఆపేశారుగానీ, అవి ఇంకా చెల్లుతాయి. వాటి లెక్కా నేర్పక తప్పదు.

క్వార్టరు దగ్గర మనకి చుట్టముంది: పావలా. గడియారంలో క్వార్టరు పదిహేను నిమిషాలు, డబ్బులో ఇరవయ్యైదు సెంట్లు. పిల్లలు ఇక్కడే తికమకపడతారు. పావుగంట, పావలా అని తెలుగులో ఒక్కసారి చెప్పండి చాలు.

ఫోన్లో ఆటలున్నాయిగా అంటారు. ఉన్నాయి, ఉంచుకోండి! బిళ్ళ వేళ్ళకి తగలాలండీ. ఫోన్‌పేలు వచ్చాక మన పిల్లలు ఊళ్ళోనూ చిల్లర ముట్టుకోవడం లేదు. జగ్గన్నతోట ప్రభల తీర్థంలాంటి జాతరకి తీసుకెళ్తే వంద కాగితం వాడి చేతికే ఇచ్చి జీళ్ళు కొనిపించండి. అరవై అయిదు అయితే, అరవై అయిదు నుంచి డెబ్బై, ఎనభై, వంద అని మిగతాది పైకి లెక్కపెట్టించండి. వాడు తప్పుతాడు. మీరు నోరుమూసుకోండి.

అక్కడికెళ్ళాక సంక్రాంతి బొమ్మలకొలువులో బొమ్మకో ధరచీటీ అంటించండి. రాజుగారు 68 సెంట్లు అనుకోండి. పెద్దబిళ్ళతో మొదలెట్టాలి: రెండు పావలాలు యాభై, ఒక డైము అరవై, ఒక నికెల్ అరవై అయిదు, మూడు పెన్నీలు. తర్వాత పావలాలు తీసేసి మళ్ళీ కొనమనండి, డైములతో తంటాలు పడనివ్వండి. చంటిపిల్లలుంటే మాత్రం బిళ్ళలు లెక్కపెట్టి డబ్బాలో పెట్టండి, నోట్లో పెట్టేసుకుంటారు. నిజం కొట్లో చాలాచోట్ల చీటీమీది ధరకి పన్ను కలుస్తుంది, మన ఎమ్మార్పీలా కాదు. అది తర్వాత చెప్పుకోవచ్చు.

ఇంత భయపెట్టానుగానీ, మా పాప మార్చికల్లా నేర్చేసుకుంది. మీవాళ్ళూ నేర్చుకుంటారులెండి. తమ్ముడి కొడుకు నిన్న సాయంత్రం వచ్చి, ఆ డైములు తిరిగిచ్చెయ్యమన్నాడు.