లేసు అమ్మకాలకు లెక్కల పుస్తకం: ఇంటి నుంచి నడిపే చిన్న వ్యాపారంలో ఖాతాలు, పన్నులు

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాల్లో క్రోషే లేసు అల్లకం తరతరాలుగా ఇంటి పనుల నడుమనే సాగుతూ రావడం వల్ల, దాని మీద వచ్చే డబ్బు కూడా ఇంటి ఖర్చులో కలిసిపోవడం అలవాటైపోయింది. వ్యాపారి ఇచ్చిన నూలు అల్లి, కూలి తెచ్చుకునే రోజుల్లో ఆ అలవాటు ఎలాగో నడిచింది. ఇప్పుడు ఒకపక్క ఉద్యోగం చేస్తూనే వాట్సాప్ ద్వారా, ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా టేబుల్ కవర్లు, దిండు గలీబులు, పిల్లల గౌనులు నేరుగా అమ్ముతున్నవారు పెరిగారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ ట్యాగు) కూడా దక్కింది. అమ్మేది మనమే అయినప్పుడు లెక్కలు రాయవలసిందీ మనమే. పన్నుల భయంతో చాలామంది ఈ పనికి దూరంగా ఉంటారు గానీ, ఈ స్థాయి వ్యాపారంలో అసలు నష్టం పన్ను వల్ల కాదు, చేసిన కూలి ఎక్కడా రాసుకోకపోవడం వల్లనే వస్తుందని నా నమ్మకం.

మొదట చేయవలసింది బ్యాంకు ఖాతాను వేరు చేయడం. వ్యాపారానికి మాత్రమే వాడే రెండో ఖాతా ఒకటి తెరిచి, యూపీఐ క్యూఆర్ కోడును దానికే కలపాలి. నూలు కొన్నా, కొరియరుకు కట్టినా, అల్లినవారికి కూలి ఇచ్చినా ఆ ఖాతా నుంచే ఇవ్వాలి. ఇంటి అవసరానికి డబ్బు తీసుకున్న రోజున దానిని సొంత వాడకంగా రాయాలి. అది వ్యాపార ఖర్చు కాదు.

తర్వాత పుస్తకాలు. రోజువారీ జమాఖర్చులకు చిట్టా, నూలుకు ఒక ఖాతా, కూలికి ఒక ఖాతా ఉంటే చాలు. చిట్టాలో తేదీ, ఎవరి నుంచి లేదా ఎవరికి, దేనికి, ఎంత, నగదా లేక బ్యాంకా అన్నవి ఆ రోజే రాయాలి. రెండు రోజులు ఆగితే చిన్న ఖర్చులు మరుపున పడతాయి, లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

నూలు ఖాతాను గ్రాముల్లో నడపాలి. అల్లడానికి ఇచ్చిన రోజున నూలు రకం, రంగు, బరువు రాసి, అల్లిన ముక్క తిరిగి వచ్చిన రోజున దాని బరువును, మిగిలిన నూలు బరువును రాస్తే, ఇచ్చినదానికీ వచ్చినదానికీ మధ్య తేడా తరుగుగా తేలుతుంది. ఒకే డిజైనుకు నాలుగైదు ముక్కలు తయారయ్యాక సగటున ఎంత నూలు పడుతుందో తెలిసిపోతుంది కనుక, ఆ తర్వాత ధర చెప్పడానికి ఊహ అక్కరలేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పత్తి నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, మన డెల్టాలో వానాకాలంలో తూచిన ముక్కకూ ఎండాకాలంలో తూచిన ముక్కకూ కొన్ని గ్రాముల తేడా సహజంగానే వస్తుంది. ఆ కాస్త తేడాను పట్టుకుని అల్లిన మనిషిని అనుమానించడం అన్యాయం.

కూలి ఖాతాలో అల్లిన ప్రతి ఒక్కరికీ ఒక పేజీ కేటాయించాలి. ఏ ముక్క, ఒప్పుకున్న రేటు, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, చెల్లించిన తేదీ, ఇంకా ఇవ్వవలసిన బాకీ అందులో ఉండాలి. నగదుగా ఇస్తే సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. అత్తగారు అల్లినా, పక్కింటి పిన్ని అల్లినా ఇదే పద్ధతి పాటించాలి. తీరిక వేళల్లో అల్లారు కదా అని ఆ కూలిని సున్నాగా వేయడం వల్లనే మన లేసు ధర ఇన్నేళ్లుగా తక్కువగా ఉండిపోయింది. మీరే స్వయంగా అల్లినప్పుడు కూడా గంటలు రాసుకుని, బయటివారికి ఇచ్చే రేటుకు మీ కూలిని ధరలో కలపండి. అయితే సొంత వ్యాపారంలో యజమాని తనకు తాను వేసుకునే కూలి ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చెల్లదు. అది ధర కట్టడానికి మాత్రమే.

ఉదాహరణకు ఒక టేబుల్ రన్నరుకు నూలు రూ.240, కూలి రూ.800, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడానికి రూ.60, ప్యాకింగుకు రూ.40, కొరియరుకు రూ.90 అయిందనుకుందాం. మొత్తం రూ.1,230. దానిని రూ.1,800కు ఆన్‌లైన్ అంగడిలో అమ్మితే, కమీషను, ఇతర రుసుములు రూ.360 మినహాయించుకుని మీ ఖాతాలో రూ.1,440 వేస్తారు. మిగిలింది రూ.210 మాత్రమే. ఇక్కడ ఎక్కువమంది పొరపడేది టర్నోవరు (మొత్తం అమ్మకాల లెక్క) దగ్గర. బ్యాంకులో పడిన రూ.1,440 కాకుండా, కొన్నవారు చెల్లించిన రూ.1,800నే అమ్మకంగా రాయాలి, రూ.360ని ఖర్చుగా చూపాలి. సరుకు తిరిగి వస్తే ఆ అమ్మకాన్ని తగ్గించి, ముక్కను నిల్వలో తిరిగి చేర్చాలి.

ప్రతి అమ్మకానికీ వరుస సంఖ్యతో బిల్లు ఇవ్వండి. జీఎస్టీ రిజిస్ట్రేషను లేనివారు బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు. అంతర్వేది తీర్థంలోనో, సంక్రాంతి ఎగ్జిబిషనులోనో నగదు అమ్మకాలు చేసినప్పుడు, తీసుకెళ్లిన ముక్కల నుంచి మిగిలిన ముక్కలను తీసివేసి, ఆ రాత్రే చేతిలోని నగదుతో సరిచూసుకోవాలి. వ్యాపార లెక్కల పుస్తకాన్ని ఉగాదికి మొదలుపెట్టడం మన ఆనవాయితీ అయినా, చట్టం దృష్టిలో సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఆ చివరి రోజున చేతిలో ఉన్న నూలును, అల్లకంలో ఉన్న ముక్కలను, అమ్ముడుపోని సరుకును కొన్న ధరకు లేదా తయారీ ఖర్చుకు విలువ కట్టి రాయాలి. వరద వస్తే లంక గ్రామాల్లో కాగితాలు దక్కవు కనుక, నెలకొకసారి పుస్తకాల పేజీలను, బిల్లులను ఫోటో తీసి వేరే ఊరిలోని కుటుంబ సభ్యులకు పంపి ఉంచడం మంచిది.

ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు ఊహాత్మక ఆదాయ పద్ధతి, అంటే అమ్మకాల్లో ఇంత శాతం లాభమని లెక్కగట్టే పద్ధతి ఉంది. 1961 చట్టంలో 44ఏడీ సెక్షనుగా ఉన్న ఈ ఏర్పాటు, 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టంలో 58వ సెక్షనులో ఉంది. టర్నోవరు రూ.2 కోట్లు దాటని వ్యాపారంలో నగదు అమ్మకాల మీద 8 శాతాన్ని, బ్యాంకు లేదా యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతాన్ని కనీస లాభంగా చూపవచ్చు. ఏడాదికి నగదు అమ్మకాలు రూ.60,000, యూపీఐ అమ్మకాలు రూ.3,00,000 ఉంటే కనీస లాభం రూ.4,800, రూ.18,000 కలిపి రూ.22,800 అవుతుంది. కానీ పుస్తకాల ప్రకారం నిజంగా రూ.90,000 మిగిలితే, చూపవలసింది రూ.90,000. ఈ పద్ధతి ఎంచుకుంటే పుస్తకాలు అక్కరలేదని చెప్పేవారు ఉంటారు. నిజంగా ఎంత మిగిలిందో పుస్తకం లేకుండా తెలిసే దారి లేదు. వ్యాపారి తరఫున ఊళ్లో ముక్కలు సేకరించి కమీషను మాత్రమే తీసుకునేవారికి ఈ పద్ధతి వర్తించదు. వారు అసలు ఖర్చులు చూపి లాభం తేల్చుకోవాలి.

జీతం ఉన్నవారు ఈ లాభాన్ని జీతానికి కలిపి చూపాలి. 2025-26 సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రాయితీ వల్ల పన్ను ఉండదు. భీమవరంలో ఒక ప్రైవేటు కళాశాలలో ఏడాదికి రూ.7,20,000 జీతం తీసుకునే వ్యక్తికి, జీతం మీద ఇచ్చే ప్రామాణిక తగ్గింపు (స్టాండర్డ్ డిడక్షన్) రూ.75,000 పోగా రూ.6,45,000, దానికి లేసు లాభం రూ.90,000 కలిపితే రూ.7,35,000 అవుతుంది. పన్ను సున్నా. అయినా ఆదాయం రూ.4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను దాఖలు చేయాలి. ఊహాత్మక పద్ధతిలో వ్యాపార లాభాన్ని చూపేవారు జీతగాళ్ల రిటర్ను ఫారం ఐటీఆర్-1 కాకుండా ఐటీఆర్-4 వాడాలి. తగ్గింపులు పోగా ఇతర ఆదాయమే రూ.13 లక్షలు ఉన్నవారికి మాత్రం ఆ రూ.90,000 మీద 15 శాతం చొప్పున రూ.13,500, దానిపై 4 శాతం సెస్సు కలిపి రూ.14,040 పన్ను పడుతుంది. టీడీఎస్ (చెల్లించేవారు ముందే కోసుకున్న పన్ను) పోగా కట్టవలసింది రూ.10,000 లేదా అంతకు మించి ఉంటే ఊహాత్మక పద్ధతి వారు మార్చి 15లోగా ఒకే విడతలో ముందస్తు పన్ను కట్టాలి. ప్రభుత్వ ఉద్యోగులు వ్యాపారం మొదలుపెట్టకముందే తమ ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి విషయం తేల్చుకోవాలి.

జీఎస్టీ విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లోపల సరుకు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి రూ.40 లక్షల టర్నోవరు దాటేవరకు రిజిస్ట్రేషను అవసరం లేదు. అయితే పొరుగునే ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం, హైదరాబాదు తెలంగాణలో ఉంది. యానాంలోని చుట్టాలకో, హైదరాబాదులోని స్నేహితురాలికో డబ్బు తీసుకుని పార్సిలు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకమే. మామూలుగా అంతర్రాష్ట్ర అమ్మకానికి మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషను కావాలి. ప్రభుత్వం జాబితాలో ప్రకటించిన చేతివృత్తుల వస్తువులకు మాత్రం 2017 నుంచి మినహాయింపు ఉంది. దానిని వాడుకోవాలంటే మీ వస్తువుకు జీఎస్టీలో ఉన్న కోడు (హెచ్‌ఎస్‌ఎన్) ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి, పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా రాష్ట్రం దాటే ప్రతి పార్సిలుకూ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. ఈ మినహాయింపు హద్దు రూ.20 లక్షలు, అందులో రాష్ట్రంలోపలి అమ్మకాలూ కలుస్తాయి. అంటే ఇక్కడ రూ.18 లక్షలు, హైదరాబాదుకు రూ.3 లక్షలు అమ్మినవారు హద్దు దాటినట్టే.

ఆన్‌లైన్ అంగళ్లకు నియమం వేరు. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషను లేనివారు కూడా జీఎస్టీ పోర్టల్లో నమోదు సంఖ్య (ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ఇది రిజిస్ట్రేషను కాదు) తీసుకుని వాటిలో అమ్మవచ్చు గానీ, ఏ రూపంలోనూ అంతర్రాష్ట్ర అమ్మకాలు చేయకూడదు. దేశమంతటా ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవారు రిజిస్ట్రేషను తీసుకోవడమే సరైన దారి. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద 1 శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతి వీరికి పనికిరాదు, ఎందుకంటే అందులోనూ రాష్ట్రం బయటికి అమ్మే వీలు లేదు. కాబట్టి చిట్టాలో అమ్మకం రాసేటప్పుడే సరుకు చేరిన రాష్ట్రానికి ఒక గడి పెట్టుకుని, నెలాఖరున రాష్ట్రాలవారీగా మొత్తం వేసుకోవాలి. రిజిస్ట్రేషను అవసరమైన రోజు నుంచి 30 రోజుల్లోగా పోర్టల్లో దరఖాస్తు చేయాలి.