బండలెక్కే బండికి టైర్లు ఎలా ఎంచుకోవాలి?

థార్ గానీ జిమ్నీ గానీ, అలాంటి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ఇంటికి రాగానే చాలామందికి ముందు టైర్లు మార్చేయాలనిపిస్తుంది. షాపుకెళ్లి, అక్కడున్నవాటిలో చూడటానికి ఏది భయంకరంగా ఉంటే అది వేయించుకుంటారు. తీరా మొదటి బండ దగ్గరే చక్రం గిర్రున తిరుగుతుంటే, ఇంత డబ్బు పోసినా ఎక్కట్లేదేంటని తలపట్టుకుంటారు. ట్రెడ్, అంటే నేలకు తగిలే గళ్లు చూసి కొంటే అంతే మరి. బండ మీద పట్టు దొరకాలంటే టైరు వంగాలి, వంగేది సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ. కొనేటప్పుడు దాన్ని చూసేవాళ్లే తక్కువ.

మొదటి పని: మీ దారులు రాసుకోండి

హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కువగా ఉండేవి గ్రానైట్ గుండ్లు. పైన గరుకుగా ఉంటాయి కాబట్టి ఎండాకాలంలో దాదాపు ఏ టైరైనా పట్టుకుంటుంది. వానలకు పాచి పట్టాక మాత్రం అదే గుండు మీద నిలబడటం మనిషికే కష్టం. తాండూరు వైపు నాపరాయి గనుల దగ్గర పడేసిన ముక్కలుంటాయి. పలకలు పలకలుగా, అంచులు పదునుగా ఉండే ఆ రాయే టైరు పక్కను కోసేది. వికారాబాద్ వైపు వానాకాలంలో నల్లరేగడి తగులుతుంది. వాగుల్లో ఇసుక, గులకరాళ్లు సరేసరి. వీటన్నిటికీ ముందు అక్కడికి చేరడానికి గంటో రెండు గంటలో తారు రోడ్డు ఉంటుంది. దాన్ని లెక్కలో వేసుకోనివాళ్లే ఎక్కువ.

రెండో పని: ఏ.టి.నా, ఎం.టి.నా

వానాకాలంలో నల్లరేగడిలోకి దిగేవాళ్లకే ఎం.టి., అంటే మడ్ టెర్రైన్. మిగతా అందరికీ ఏ.టి., అంటే ఆల్ టెర్రైన్. నా లెక్క ఇంతే. ఎం.టి. లేకపోతే ఆఫ్‌రోడింగే కాదనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. ఎం.టి.లో రబ్బరు దిమ్మెలు పెద్దవి, వాటి మధ్య సందులు వెడల్పు. చక్రం తిరిగే ఊపుకు బురద విసిరికొట్టడానికే ఆ ఏర్పాటు. బండ మీద విసరడానికి ఏముంది? తడి బండ మీద పట్టు ఇచ్చేది మెత్తటి రబ్బరు, దిమ్మెల మీద కోసిన సన్నటి గాట్లు. ఆ గాట్లు మంచి ఏ.టి.లోనే ఎక్కువ. పైగా ఎం.టి. వేసుకుని హైవే ఎక్కితే ఆ హోరుకు పక్క సీట్లో వాళ్ల మాట వినపడదు, బ్రేకు కొడితే బండి ఆగే దూరం కూడా పెరుగుతుంది. ఈ రెండిటికీ మధ్యలో ఆర్.టి., అంటే రగ్గ్‌డ్ టెర్రైన్ అని ఒక రకం వస్తోంది. దొరికితే చూడండి, దొరక్కపోతే బెంగ అక్కర్లేదు.

మూడో పని: సైజు

టైరు మీద రాసిన సైజులో మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ సైజు, అంగుళాల్లో. 245/75 ఆర్16 టైరుకు సైడ్‌వాల్ దాదాపు 184 మి.మీ. 255/65 ఆర్18కి 166 మి.మీ. మాత్రమే. బయటి నుంచి చూస్తే రెండో టైరే కాస్త పెద్దది, కానీ బండ మీద వంగడానికి మొదటిదాంట్లోనే ఎక్కువ రబ్బరు ఉంది. పెద్ద రిమ్ ఫొటోలకు బాగుంటుంది, బండలకు చిన్న రిమ్మే మేలు.

జిమ్నీతో వచ్చేది 195/80 ఆర్15. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే టైరు ఎత్తు 40 మి.మీ. పెరుగుతుంది, కానీ బండి కింద దొరికే ఖాళీ అందులో సగం, అంటే 20 మి.మీ. మాత్రమే. దానికి బదులుగా స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు మీరు దాదాపు 106లో ఉంటారు. లో రేంజ్ గేర్లలో నెమ్మదిగా పాకే వేగం కూడా అంతే శాతం పెరుగుతుంది. బండలెక్కేవాడికి అది లాభం కాదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక ముందు చక్రాన్ని రాయి మీదికెక్కించి, టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడాలి. చదును నేల మీద చూసి "ఏం తగలట్లేదు సార్" అనే షాపువాళ్ల మాట నమ్మొద్దు. ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, కంపెనీ సైజుకు మరీ దూరం వెళ్తే బీమా క్లెయిమ్ దగ్గర కూడా పేచీ రావచ్చు.

నాలుగో పని: సైడ్‌వాల్ (తొందరపడొద్దు)

టైరు పక్కన మోకాలేసి కూర్చుని, ఫోన్ లైటు అడ్డంగా పడేలా పెట్టి చూడండి. పెద్ద అక్షరాలు కాదు, రిమ్‌కు దగ్గరగా చిన్న అక్షరాల్లో "సైడ్‌వాల్ 2 ప్లైస్ పాలిస్టర్" అనో "3 ప్లైస్" అనో ఇంగ్లిష్‌లో అచ్చేసి ఉంటుంది. లోపల నిజంగా ఎన్ని పొరలున్నాయో చెప్పేది అదే. షాపులో "ఇది టెన్ ప్లై" అంటే పది పొరలున్నాయని కాదు. ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే పాత కొలమానం అది. ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్ల మీద దాన్నే లోడ్ రేంజ్ అని అక్షరాల్లో రాస్తారు: సి అంటే 6 ప్లై, డి అంటే 8, ఇ అంటే 10.

ఎంత గట్టిదైతే అంత మంచిదని చాలామంది నేరుగా ఇ దగ్గరికే వెళ్తారు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. 245/75 ఆర్16 ఇ రేంజ్ టైరు మీద లోడ్ ఇండెక్స్ 120 అని ఉంటుంది. అంటే ఒక్క టైరే 1,400 కిలోలు మోయగలదు. జిమ్నీ బండి మొత్తం కలిపి 1,200 కిలోలు. సగం ట్రక్కు బరువు కోసం కట్టిన గోడ అంత తేలిక బండి కింద వంగుతుందా? టైరు పరుచుకోవాలని బండల దగ్గర గాలి 18 పీఎస్‌ఐకి దించినా బిర్రుగానే నిలబడుతుంది. బండ మీద అరచేయంత మేర పరుచుకోవాల్సిన టైరు రెండు దిమ్మెల మీద నిలబడి జారుతుంది. అప్పుడు తప్పు ట్రెడ్ మీదికి నెట్టి ఇంకో సెట్టు కొంటారు!

అలాగని కారుకు వేసే మెత్తటి టైరు వేసుకుని నాపరాళ్లలోకి వెళ్లకండి. గాలి దించినప్పుడు సైడ్‌వాల్ బయటికి ఉబ్బుతుంది, పదును అంచుకు సరిగ్గా ఎదురుగా వస్తుంది. ట్రెడ్‌లో మేకు దిగితే ఏ పంక్చర్ షాపులోనైనా ప్యాచ్ వేస్తారు. సైడ్‌వాల్ చీలితే ఆ టైరు పని అయిపోయినట్టే. కుట్టించి, లోపల ట్యూబ్ పెట్టి నడపొచ్చనే సలహాలు కూడా వింటుంటాం. ఊరికి చేరేదాకా కూడా దాన్ని నమ్మలేం.

కాబట్టి జిమ్నీ, జిప్సీ లాంటి తేలిక బండికి రెండు పొరల సైడ్‌వాల్, మహా అయితే సి రేంజ్. థార్‌కు సి. సామాను నింపుకుని, దారంతా నాపరాయే ఉంటే మూడు పొరలు. ఇ రేంజ్ పికప్‌లకు వదిలేయండి.

మాటల మీద నమ్మకం లేకపోతే కొలవండి. మీలాంటి బండికి ఆ టైర్లు వేయించుకున్నవాళ్లను పట్టుకుని చదును నేల మీద ఆపించండి. మామూలు గాలితో రిమ్ కింది అంచు నుంచి నేల దాకా టేపు పెట్టండి. తర్వాత 18కి దించి మళ్లీ కొలవండి. 160 మి.మీ. ఉన్నది 120 దగ్గరికి వస్తే ఆ టైరు మీ బండికి సరిపోతుంది. 150 దగ్గరే ఆగిందంటే, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

ఐదో పని: కొనడం, బిగించడం

టైరు పక్కన అచ్చేసిన డాట్ (DOT) నంబరు చివర నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. నిల్వ ఉన్న పాత టైర్లలో రబ్బరు గట్టిపడుతుంది, బండ మీద ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. కాబట్టి విదేశీ మోడలే కావాలని నెలల తరబడి కూర్చోకుండా ఇక్కడ తయారయ్యేవాటిలో పై లెక్కకు సరిపోయేది చూసుకోండి.

నాలుగు కాదు, ఐదు కొనండి. స్టెప్నీ వేరే సైజుదైతే ఫోర్‌వీల్‌లో వెళ్లేటప్పుడు గేర్లమీద భారం పడుతుంది. థార్‌కు స్టెప్నీ వెనక తలుపుకు వేలాడుతుంది కాబట్టి బరువైన టైరు వేస్తే ఆ తలుపు కీళ్ల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

ఆరో పని: గాలి

ట్రైల్ (ఆఫ్‌రోడ్ దారి) మొదట్లో 18 పీఎస్‌ఐకి దించండి, పట్టు చాలకపోతే 15. మామూలు రిమ్‌తో 12 కిందికి వెళ్తే, ఏటవాలులో స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి దించాక వేగం 30 దాటొద్దు. తారు రోడ్డు ఎక్కేముందు కంప్రెసర్‌తో మళ్లీ నింపాల్సిందే, పెట్రోల్ బంకు దాకా నెమ్మదిగా పోదామంటే కుదరదు, టైరు వేడెక్కి లోపలే పాడవుతుంది. గాలి పట్టేలోపు బండి కిందికి వంగి సైడ్‌వాల్ లోపలివైపు కూడా చేత్తో తడిమి చూడండి, కోతలు బయటివైపే పడాలని రూలేం లేదు. ఇంటికొచ్చాక వీల్ నట్లు ఒకసారి బిగించుకోండి.