ఆఫ్‌షోర్ ఉద్యోగంలో రొటేషన్ ఎలా ఎంచుకోవాలి?

సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే రిగ్గు మీద ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మన వైపు ఎవరైనా అడిగే మొదటి మాట "జీతం ఎంత?". అడగాల్సిందే, తప్పేం లేదు. కానీ ఆ జీతం కోసం ఏడాదిలో ఎన్ని రోజులు నీళ్ల మీద ఉండాలి, ఆ రోజులు ఎప్పుడెప్పుడు పడతాయి అన్నది చాలామంది ఉద్యోగంలో చేరాక గానీ తెలుసుకోవడం లేదు. నాకు బాధనిపించేది అదే. ఓడలరేవు టెర్మినల్, ఎస్.యానాం దగ్గర రవ్వ, కాకినాడ వైపు గాడిమొగ, ఈ చమురు, గ్యాస్ కేంద్రాలన్నీ చూస్తూ పెరిగినవాళ్లం మనం. 2009లో మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 బ్లాకు గ్యాస్ ఒడ్డుకు చేరింది, 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కేజీ 98/2 బ్లాకు నుంచి చమురు మొదలైంది, ముంబై వైపు సముద్రంలో ఉన్న ముంబై హై చమురు క్షేత్రానికి, గల్ఫ్ దేశాలకి వెళ్లేవాళ్లు ఎలాగూ ఉన్నారు. ఇంత దగ్గరగా చూసిన పనిలోకి లెక్క వేసుకోకుండా దిగొద్దు.

ఒక సంగతి ముందే చెప్పాలి. మామూలుగా రొటేషన్‌ని, అంటే ఎన్ని రోజులు డ్యూటీ, ఎన్ని రోజులు ఇల్లు అన్న వంతుని, ఎంచుకునేది మనం కాదు, ఆ ప్రాజెక్టుకీ ఆ పోస్టుకీ కంపెనీ ముందే పెట్టేసి ఉంచుతుంది. మన చేతిలో ఉండేవి రెండు మూడే: చేతిలో రెండు ఆఫర్లు ఉంటే ఏది తీసుకోవాలి, ఏ క్రూలో (కలిసి ఎక్కి కలిసి దిగే జట్టులో) పడాలి, ఏ తేదీన ఎక్కాలి. కింద చెప్పేదంతా వాటి కోసమే.

1. ముందు ఆ అంకెలేంటో అర్థం చేసుకోండి

14/14 అంటే పద్నాలుగు రోజులు డ్యూటీ, పద్నాలుగు రోజులు ఇంట్లో. మొదటి అంకె సముద్రానిది, రెండోది ఇంటిది. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ రోజుకు 12 గంటలు, ఆదివారం లేదు, పండగ లేదు, అంటే వారానికి 84 గంటల పని. మన దేశంలో ఓఎన్‌జీసీ ఆఫ్‌షోర్‌లో ఎక్కువగా నడిచేది 14/14. డ్రిల్‌షిప్పుల్లో (తవ్వకం చేసే ఓడల్లో), విదేశీ కాంట్రాక్టుల్లో 28/28 బాగా కనిపిస్తుంది. గల్ఫ్ వైపు, సర్వీస్ కంపెనీల్లో 42/21, 56/28, 60/30 లాంటివి ఉంటాయి, కొన్ని చోట్ల 90/30 కూడా పెడతారు. నార్వేలో రెండు వారాలు పనిచేసి నాలుగు వారాలు ఇంట్లో ఉంటారు, అది వింటే మనకి ఆశ్చర్యంగా ఉంటుంది గానీ అక్కడ అది మామూలే.

ఇప్పుడు వీటిని ఏడాది లెక్కలోకి మార్చండి. 14/14 అయినా 28/28 అయినా ఏడాదికి 182 రోజుల చొప్పున సముద్రం మీదే. 42/21, 56/28, 60/30 మూడూ ఒకటే, సుమారు 243 రోజులు. 90/30 అయితే దాదాపు 274. అంటే 28/28 నుంచి 42/21కి మారితే ఏడాదికి రెండు నెలలు అదనంగా ఇంటికి దూరం. ఆఫర్ లెటర్‌లో ఈ మాట ఎక్కడా రాయరు, మనమే గుణించుకోవాలి.

2. ప్రయాణం తీసేసి అసలు ఇంటి రోజులు లెక్కపెట్టండి

కాగితం మీద 14/14, 28/28 ఒకటే కదా అనిపిస్తుంది, కాదు. 14/14లో ఏడాదికి 13 సార్లు ఎక్కాలి, 13 సార్లు దిగాలి. 28/28లో ఆరున్నర సార్లే. అమలాపురం నుంచి ముంబై వెళ్లి, జుహూలో హెలికాప్టర్ ఎక్కి ముంబై హై చేరాలంటే ముందు రోజే బయల్దేరాలి, దిగాక ఇల్లు చేరేసరికి ఇంకో రోజు పోతుంది. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి అనుకున్నా 14/14లో ఏడాదికి 26 రోజులు రైళ్లలోనూ లాడ్జీల్లోనూ పోతాయి, 28/28లో 13 పోతాయి. ఇక్కడే మన కేజీ బేసిన్‌లో పని అయితే దిగిన రోజు సాయంత్రానికి ఇంటి దగ్గర ఉండొచ్చు కాబట్టి ఈ గొడవే లేదు.

కాబట్టి నా లెక్క ఇది. పని దగ్గరైతే చిన్న రొటేషన్ మంచిది, దూరమైతే పెద్ద రొటేషనే మేలు. దుబాయ్ దాటి వెళ్లే ఉద్యోగానికి 14/14 ఇస్తామన్నా, టిక్కెట్లు కంపెనీయే పెట్టుకున్నా, ఒళ్లు అలిసిపోతుంది. ప్రయాణం రోజులు డ్యూటీ కింద లెక్కేస్తారా, ఆఫ్‌లోంచి కోస్తారా అన్నది కూడా అడగండి, రెండింటికీ చాలా తేడా ఉంది.

3. క్యాలెండర్ తీసి రెండేళ్లు గీయండి

ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. గోడ క్యాలెండర్ తీసుకుని, మీరు ఎక్కబోయే తేదీ నుంచి డ్యూటీ రోజులకి ఒక రంగు, ఇంటి రోజులకి ఇంకో రంగు వేస్తూ పోండి. ఒక ఏడాది చాలదు, రెండేళ్లు వేయాలి. ఎందుకో చెప్తాను.

14/14 అంటే 28 రోజుల చక్రం. 13 చక్రాలకి 364 రోజులు, అంటే ఏడాదికి ఒక్క రోజే తేడా. దాని అర్థం ఏమిటంటే, ఈ ఏడాది సంక్రాంతి మీ డ్యూటీలో ఐదో రోజున పడితే, వచ్చే ఏడాది ఆరో రోజున పడుతుంది, ఆ పై ఏడాది ఏడో రోజునో ఎనిమిదో రోజునో. ఒకసారి డ్యూటీ మధ్యలో చిక్కిందంటే ఎవరితోనైనా మార్చుకుంటే తప్ప ఆరేడేళ్ల వరకు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోన్‌లో చూడటమే. అదే ఇంటి వైపు పడితే అన్నేళ్లూ మీది. 28/28 అలా కాదు. దాని చక్రం 56 రోజులు, ఏడాదికి ఆరున్నర చక్రాలు కాబట్టి ఈ ఏడాది సంక్రాంతికి ఇంట్లో ఉంటే వచ్చే ఏడాది దాదాపు ఖాయంగా నీళ్ల మీద, ఆ పై ఏడాది మళ్లీ ఇంట్లో. 42/21లో సగటున మూడేళ్లకి ఒకసారే దొరుకుతుంది. దసరా, దీపావళి, అంతర్వేది కల్యాణం తిథుల్ని బట్టి జరుగుతాయి కాబట్టి వాటికి ఈ సూత్రం పూర్తిగా పట్టదు, పంచాంగం చూసి వేసుకోండి.

పండగలొక్కటే కాదు, పొలం ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా గీయాలి. సార్వా నాట్లు జూలై ప్రాంతంలో, కోతలు నవంబరులో, దాళ్వా కోతలు ఏప్రిల్‌లో. ఈ రోజుల్లో మీరుండాలా, నాన్నగారో బావగారో చూసుకుంటారా? కొబ్బరి తోటకి నెలన్నరకో రెండు నెలలకో దింపు ఉంటుంది, దాన్ని 28/28లో సర్దుకోవచ్చు. రొయ్యల చెరువు మాత్రం వేరు. ఆక్సిజన్ పడిపోయిన రాత్రి ఏరియేటర్ ఆడించేవాళ్లు లేకపోతే నాలుగు నెలల పెట్టుబడి తెల్లారేసరికి తేలిపోతుంది. గట్టు మీద నమ్మకమైన మనిషి లేకుండా 42/21 ఒప్పుకుని, చెరువు కూడా పెట్టుకోవడం నేనైతే వద్దంటాను. లీజుకి ఇచ్చేయండి, అదే నయం.

4. డబ్బు లెక్క

జీతం రెండు రకాలు. నెల జీతమైతే ఇంట్లో ఉన్న రోజులకీ వస్తుంది. డే రేట్ అయితే ఎక్కిన రోజులకే, ఇంట్లో ఉంటే సున్నా. డే రేట్ అంకె పెద్దగా కనిపిస్తుంది కాబట్టి మనవాళ్లు దాన్ని 30తో గుణించేసి నెల జీతం అనుకుంటారు, అది పొరపాటు.

ఉదాహరణకి రోజుకు 5,000 అనుకోండి. 28/28లో 182 రోజులకి 9,10,000, అంటే నెలకి సగటున 76 వేల లోపు. అదే రేటుతో 42/21లో 243 రోజులకి 12,15,000. ఇంకో కంపెనీ 28/28కే నెలకి 70,000 జీతం ఇస్తానంటే ఏడాదికి 8,40,000, చూడ్డానికి తక్కువే, కానీ అందులో పీఎఫ్, ఇన్సూరెన్స్, ప్రయాణ ఖర్చులు కలిసి ఉంటే డే రేట్ 28/28 కంటే అదే బాగుండొచ్చు. పైగా రిగ్గు కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా కూర్చున్న నెలల్లో డే రేట్ వాళ్లకి పైసా రాదు, ఈఎంఐ మాత్రం ఐదో తారీఖుకి వచ్చేస్తుంది. ఇల్లు కట్టి అప్పులో ఉన్నవాళ్లు ఇది బాగా ఆలోచించాలి. 42/21లో అదనంగా వచ్చిన మూడు లక్షల చిల్లర ఆ అదనపు 61 రోజుల ధర. ఆ ధర మీకు సరిపోతుందా లేదా అన్నది మీ ఇంట్లోనే తేలాలి.

5. విదేశం అయితే పన్ను సంగతి

మన కేజీ బేసిన్‌లోగానీ ముంబై హైలోగానీ చేస్తే ఈ చర్చ లేదు, అది భారత్‌లో పనిచేసినట్టే. విదేశీ జలాల్లో చేసేవాళ్లకి మాత్రం రొటేషన్‌తోనే పన్ను మారిపోతుంది. ఉద్యోగానికి బయటికెళ్లే భారతీయుడు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు మన దేశంలో 182 రోజులకంటే తక్కువ ఉంటేనే సాధారణంగా ఎన్నారై లెక్కలోకి వస్తాడు. 28/28లో సగం ఇక్కడ, సగం అక్కడ కాబట్టి సరిగ్గా అంచు మీద ఉంటారు, ఒక క్రూ చేంజ్ అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. 42/21లో ఆ టెన్షన్ లేదు, ఇక్కడ ఉండేది 122 రోజులే. పాస్‌పోర్టు స్టాంపుల తేదీలు ఒక పుస్తకంలో రాసుకుంటూ, ఫిబ్రవరిలోనే ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

6. ఒళ్లు, నిద్ర

షిఫ్ట్ ఎలా ఉంటుందో అడగకుండా రొటేషన్ ఒప్పుకోవద్దు. మొత్తం ట్రిప్ పగలేనా, మొత్తం నైటేనా, లేక సగంలో మారుస్తారా? సగంలో మార్చేదాన్ని స్వింగ్ అంటారు, నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది అదే. 14/14లో వారం నైట్ చేశాక శరీరం అప్పుడప్పుడే అలవాటు పడుతుంటే పగటికి తిప్పేస్తారు, ఆ మారే రోజుల్లోనే చేతులు వణుకుతాయి, ధ్యాస తప్పుతుంది, గొలుసులూ క్రేన్లూ ఉన్న చోట అది ప్రాణాల మీదికి తెస్తుంది. పెద్ద రొటేషన్‌లో నాలుగో వారం దాటాక ఇంకో రకం అలసట, నిద్రపోయినా తీరనిది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు 42 దాటిన రొటేషన్‌కి వెళ్లేముందు డాక్టర్‌తో మాట్లాడండి, మందులు కూడా రొటేషన్‌కి సరిపడా కాదు, ఇంకో రెండు వారాలకి ఎక్కువ తీసుకెళ్లండి. ఓడగా నమోదైన డ్రిల్‌షిప్పుల సిబ్బందికి 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందం చెప్తోంది. రికార్డులో ఒకటి రాసి పని ఇంకోటి చేయిస్తే సంతకం పెట్టకండి.

7. ఇంట్లో అడగండి

పెళ్లి కానివాళ్లు రెండు మూడేళ్లు 42/21 చేసి నాలుగు డబ్బులు వెనకేసుకోవడం తెలివైన పనే. పెళ్లయ్యి పిల్లలు చిన్నగా ఉంటే, లేదా అమ్మానాన్నల్లో ఒకరికి బాగోలేకపోతే, డబ్బు తగ్గినా సమానంగా ఉండే రొటేషనే మంచిదని నా అభిప్రాయం. కానీ ఇందులో నా మాట కంటే మీ ఆవిడ మాట ముఖ్యం. మీరు లేని రోజుల్లో స్కూలు, ఆసుపత్రి, కరెంటు, వరదొస్తే ఇల్లు సర్దుకోవడం, అన్నీ ఆవిడ మీదే పడతాయి. రంగులేసిన ఆ క్యాలెండర్ ఆవిడ ముందు పెట్టి, ఏ వారం మీరు లేకపోతే కుదరదో ఆవిడనే గుర్తు పెట్టమనండి.

8. సంతకం పెట్టేముందు అడగాల్సినవి

మీ బదులు ఎక్కాల్సిన రిలీవర్ రాకపోతే ఏం చేస్తారు? అన్నిటికంటే ముందు ఇదే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టాయంటే హెలికాప్టర్ ఎగరదు, మీ 28 రోజులు 33 అవుతాయి. ఆ అదనపు రోజులకి డబ్బిస్తారా, తర్వాత ఆఫ్‌లో కలుపుతారా, ఏదీ లేదా? నోటి మాట వద్దు, మెయిల్‌లో రాయించుకోండి. బోసియెట్ అనే ఆఫ్‌షోర్ భద్రతా ట్రైనింగ్ నాలుగేళ్లకోసారి రెన్యువల్, మెడికల్ అంతకంటే తొందరగా వస్తుంది. ఇవి మీ ఇంటి రోజుల్లో చేయించుకోవాలా, ఖర్చు ఎవరిది? టిక్కెట్ రాజమండ్రి నుంచి ఇస్తారా, ముంబై నుంచా? విదేశీ ఉద్యోగమైతే ఏజెంట్ రిజిస్టర్డ్ అవునా కాదా అన్నది ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. చట్టం ప్రకారం వాళ్లు తీసుకోగలిగే సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. లక్షలు అడిగేవాడి దగ్గర రొటేషన్ ఎంత బాగున్నా ఆగొద్దు.

చివరిగా ఎక్కే తేదీ. ముఖ్యంగా 14/14లో చేరేవాళ్లు, క్యాలెండర్‌లో రెండో క్రూ మీ ఇంటికి బాగా కుదురుతుందని తేలితే, ఆఫర్ చేతిలో ఉండగానే "రెండు వారాలు ఆగి ఎక్కొచ్చా?" అని అడిగేయండి. ఖాళీ ఉంటే ఒప్పుకుంటారు, అడిగినందుకు ఉద్యోగం పోదు. ఒకసారి క్రూలో పడ్డాక మారాలంటే మీ బ్యాక్ టు బ్యాక్ (మీరు దిగితే మీ చోట ఎక్కే మనిషి) ఒప్పుకోవాలి, అంటే మీ సంక్రాంతి కోసం అతను తన సంక్రాంతి వదులుకోవాలి.