వంటింటి స్విచ్‌తోనే పెరటి లైటు

కడపలో మాది పాత బండల మిద్దె. వంటింటి బయట గిన్నెలు తోమే చోట రాత్రిళ్లు చీకటి, అమ్మ ఎక్కడ జారిపడుతుందోనని ఒకటే టెన్షన్. అందుకే వంటింటి లైటు స్విచ్‌తోనే అక్కడా ఒక లైటు పెట్టాను.

ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో బోర్డంతా చూశాను. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటున్నప్పుడే ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. 230 వోల్టులతో ఆటలు వద్దు.

స్విచ్‌కు రెండు వైర్లుంటాయి: ఒకటి వచ్చే ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు), రెండోది లైటుకు పోయేది. కొత్త లైటు ఫేజ్‌ను ఈ రెండోదానికే కలపాలి. మొదటిదానికి కలిపితే స్విచ్ ఆపినా లైటు ఆరదు. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) స్విచ్‌కు రాదు. అదే బోర్డులో, అదే లైనులో ఉన్న ప్లగ్గు నుంచి తీసుకున్నాను. రెండు లైట్లూ ప్యారలల్‌గానే, అంటే దేనికది ఫేజ్, న్యూట్రల్ అందేలా ఉండాలి, సిరీస్‌లో (ఒకదాని గుండా ఇంకోదానికి) ఇస్తే ఏదీ సరిగా వెలగదు.

మాది రాతిగోడ, గాడి కొట్టడం కుదరదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును పీవీసీ పట్టీలో గోడ మీదే నడిపాను. వానజల్లు కొట్టే చోటు కాబట్టి నీళ్లు చొరబడని ఫిట్టింగే కొన్నాను. 9 వాట్ల ఎల్ఈడీ, 6 ఆంపియర్ల స్విచ్‌కు అదొక లోడే కాదు.