ఒడియా బడికి వెళ్ళే పిల్లలకు ఇంట్లో తెలుగు చదవడం నేర్పాలంటే

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడి ఒడియా. "ఇక్కడ ఉద్యోగానికి ఒడియా చాలు కదా పిన్నీ" అంటారు బ్లౌజులు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఉద్యోగానికి చాలుతుందేమో. కానీ ఆంధ్రలోని పాతపట్నం వైపు పొలం ఉన్నవాళ్ళ కాగితాలు తెలుగులో ఉంటాయి. అడంగల్‌లో, అంటే పొలం రికార్డులో, తన పేరు ఎక్కడుందో తాను చదువుకోలేనివాడు ఇంకొకడి నోటికేసి చూడాల్సిందే. అందుకే మా మనవడికి నేనే నేర్పాను.

ఆరో తరగతి పిల్లాడి చేత అఆలు దిద్దించకండి, చిన్నతనంగా ఉంటుంది. వాడికి ఒడియా వచ్చు కాబట్టి సగం పని అయిపోయినట్టే. క ఖ గ ఘ వరస అక్కడా ఇదే, గుణింతాలూ ఒత్తులూ కొత్త కాదు. ఒక అట్ట మీద ఒడియా అక్షరం, పక్కనే తెలుగు అక్షరం రాసి గోడకి తగిలించండి.

తప్పులు ఎక్కడ వస్తాయో ముందే తెలిస్తే మీకు కోపం రాదు. "కమల" అని రాస్తే "కొమొలొ" అంటారు, ఒడియా పలుకుబడి అది. నవ్వకండి, మీరొకసారి చదివి వినిపించండి. ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. నెల, నేల, కొన, కోన లాంటి జంటలు రోజూ చదివించాలి, దీనికే ఎక్కువ రోజులు పడుతుంది. ఒడియా ఠ అచ్చం మన సున్నలా ఉంటుంది, దాంతో "అందం" దగ్గర తికమక పడతారు. ఒడియాలో ఏత్వం అక్షరానికి ముందు వస్తుంది, మనకి నెత్తి మీద.

ఇక ఏం చదివించాలి? వాడి నోట్లో ఉన్న మాటే. వాడు "ఏటి" అంటే "ఏటి" అనే రాసి చదివించండి. "ఏమిటి" తర్వాత వస్తుంది. ఈ ఊళ్ళోనే మేష్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవరలకు వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు. మనింటి పిల్లలకి మనం ఆ మాత్రం చేయలేమా?

మా వాడికి మొదట నా కొలతల పుస్తకం ఇచ్చాను. భుజం, నడుము, చేతి పొడవు, పక్కన అంకెలు. చదివి చెప్తే నేను గుడ్డ మీద గీత గీసేదాన్ని, తప్పు చదివితే బ్లౌజు పాడవుతుందని వాడికే టెన్షన్! బస్సు బోర్డులూ మంచివే. పెళ్ళి శుభలేఖలు మాత్రం వద్దు, ఆ సమాసాలు పెద్దవాళ్ళకే అర్థం కావు.

రోజుకి పావుగంట చాలు. పరీక్షలప్పుడు మానేయండి. మీరు ఫోను చూస్తూ వాణ్ణి చదవమంటే మాత్రం చదవడు, పక్కన మీరూ పేపరు పట్టుకోండి.

మాటలు కూడబలుక్కోవడం వచ్చాక, ఆంధ్ర వైపు బంధువుల్ని పాత తెలుగు వాచకం అడగండి. ఒకటో తరగతిది తెస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టేస్తారు, మూడోదే అడగండి.