టొయోటా పికప్‌కు సాలిడ్ యాక్సిల్: విప్పకముందే వేయాల్సిన లెక్క

అమెరికాలో అమ్మిన టొయోటా ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌లకు 1985 మోడల్ వరకు ముందువైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉండేది. 1986 నుంచి ఒక్కో చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది. రాళ్ల దారుల కోసం ఈ కొత్త తరం బండికి పాత యాక్సిల్ బిగించదలచినవారు ముందుగా టైరు సైజు నిర్ణయించుకోవాలి, ఎందుకంటే గేర్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె), బండి ఎత్తు, లీఫ్ స్ప్రింగుల ఎంపిక అన్నీ దానిపైనే ఆధారపడతాయి. ముందు, వెనుక డిఫరెన్షియళ్ల (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టెల) రేషియో ఒకటే కావాలి, వెనుక 4.10, ముందు 4.56 ఉన్న బండిని ఫోర్‌వీల్‌లో నడిపితే రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది.

బడ్జెట్ తలకిందులయ్యేది యాక్సిల్ ధర వల్ల కాదు, దానిని బాగు చేయించే ఖర్చు వల్ల. స్టీరింగ్ నకిల్ (ఇరుసు చివర చక్రాన్ని మలుపు తిప్పే భాగం) విప్పినప్పుడు గ్రీజు, గేర్ ఆయిల్ కలిసిపోయి నల్లటి జావలా కారితే లోపలి సీలు పోయిందని అర్థం. కాబట్టి సీళ్లు, బేరింగులు, బ్రేకు గొట్టాల ఖర్చును బేరమాడేటప్పుడే కలుపుకోవాలి. క్రాస్‌ఓవర్ స్టీరింగ్ (స్టీరింగ్ కడ్డీని అడ్డంగా అవతలి చక్రానికి కలిపే ఏర్పాటు), షాక్ అబ్జార్బర్లు బిగించే మౌంట్లు వేరే పద్దు. ఫ్రేముకు స్ప్రింగులను పట్టి ఉంచే హ్యాంగర్లు వెల్డింగ్ చేసే పని అనుభవజ్ఞుడికే అప్పగించాలి, అక్కడ పొదుపు ప్రాణాల మీదికి తెస్తుంది. బండి తన బరువుతో స్ప్రింగులపై నిలిచాకే ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత తీసుకోవాలి. అమెరికాలో బండి ఎత్తు పరిమితులు రాష్ట్రానికో రకంగా ఉంటాయి కనుక, స్ప్రింగులు కొనకముందే మీ రాష్ట్ర నిబంధనలు చూసుకోండి.